నెమ్ముకు గళ్ళ కల్చర్ సరిగ్గా చేయడం ఎలా: డబ్బీ దగ్గర్నుంచి రిపోర్ట్ దాకా

కావలి, ఆత్మకూరు, ఉదయగిరి వైపు చిన్న ల్యాబుల్లో పనిచేసే టెక్నీషియన్లు, నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రుల్లో రోగుల వెంట ఉండేవాళ్ళు పదేపదే ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఎక్స్‌రేలో నెమ్ము (న్యుమోనియా) తెల్లగా కనిపిస్తోంది, మనిషికి జ్వరం, ఆయాసం తగ్గడం లేదు, గళ్ళ (కఫం) కల్చర్, అంటే గళ్ళలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష రిపోర్ట్ మాత్రం ‘నార్మల్ ఫ్లోరా’ (నోట్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియా) అనో, ‘పెరుగుదల లేదు’ అనో వస్తోంది. తేడా ఎక్కడ?

ఎక్కువసార్లు తేడా డబ్బీలోనే ఉంటుంది. ఎంగిలి పంపితే నోట్లో ఉండే బ్యాక్టీరియానే పెరుగుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో శాంపిల్ తీయించడం, దాన్ని స్లైడ్ మీద తూకం వేయడం (మైక్రోస్కోపులో చూసి మంచిదో కాదో తేల్చడం) గురించి ఎక్కువ రాశాను. మొదటి నాలుగు భాగాలు రోగి వెంట ఉండేవాళ్ళకు, వార్డు సిస్టర్లకు కూడా. ఐదు నుంచి ల్యాబ్ పని.

1. ఈ పరీక్ష ఎవరికి అవసరం

ఓపీలో చూసి మాత్రలు రాసి ఇంటికి పంపగలిగిన మామూలు నెమ్ముకు గళ్ళ కల్చర్ తప్పనిసరి కాదు. ఈ కిందివాళ్ళకు మాత్రం చేయించాలి:

- నెమ్ము తీవ్రంగా ఉండి ఐసీయూలో చేరినవాళ్ళు, శ్వాసకు గొట్టం వేసినవాళ్ళు
- మామూలు మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ (ఒక రకం స్టాఫిలోకోకస్), సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అనుమానంతో పెద్ద యాంటీబయాటిక్స్ మొదలుపెట్టినవాళ్ళు, గతంలో ఆ బ్యాక్టీరియా వచ్చినవాళ్ళు
- గత 90 రోజుల్లో ఆసుపత్రిలో ఉండి ఇంజక్షన్ యాంటీబయాటిక్ తీసుకున్నవాళ్ళు
- ఆసుపత్రిలో చేరాక నెమ్ము వచ్చినవాళ్ళు

రెండు వారాలు, అంతకుమించి దగ్గు ఉంటే టీబీ పరీక్షకు వేరే డబ్బీలో వేరే శాంపిల్ పంపాలి. టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్ష ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో ఉచితం. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల్లో ఏళ్ళ తరబడి రాతిదుమ్ము పీల్చినవాళ్ళ విషయంలో ఇది అస్సలు వదలొద్దు, ఆ దుమ్ము టీబీ ముప్పును పెంచుతుంది. మామూలు కల్చర్ ప్లేట్లలో (బ్యాక్టీరియాను పెంచే గిన్నెలు) టీబీ క్రిమి పెరగదు కాబట్టి ‘పెరుగుదల లేదు’ అన్న రిపోర్ట్ చూసి టీబీ లేదనుకోకూడదు.

నెమ్ము తెచ్చే మైకోప్లాస్మా, క్లమిడియా అనే బ్యాక్టీరియా కూడా మామూలు ప్లేట్ల మీద పెరగవు, గ్రామ్ స్టెయిన్లో (స్లైడ్‌కు రంగు వేసి చూసే పరీక్ష) కనబడవు. వాటికి పీసీఆర్ (జన్యువును వెతికే పరీక్ష) కావాలి. లీజియోనెల్లా అనే బ్యాక్టీరియాకు ప్రత్యేక మీడియం (పెంచే పదార్థం) గానీ, మూత్రంలో యాంటిజెన్ (దాని ఆనవాలు) పరీక్ష గానీ ఉండాలి.

2. ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

- మూత బిగుతుగా తిరిగే, వెడల్పు మూతి ఉన్న స్టెరైల్ (క్రిములు లేని) డబ్బీ. కడిగి ఆరబెట్టిన మందు సీసా, టిఫిన్ డబ్బా పనికిరావు.
- డబ్బీ మీదే పేరు, వయసు, ఐపీ నంబర్, తేదీ, తీసిన టైమ్. మూత మీద రాస్తే మూత మారినప్పుడు మనిషే మారిపోతాడు.
- ఫారంలో శాంపిల్ రకం: గళ్ళా, గొట్టంలోంచి తీసిందా, బ్రాంకోస్కోపీదా (ఊపిరితిత్తుల్లోకి కెమెరా గొట్టం దించి తీసింది), పొర నీరా (ఊపిరితిత్తి చుట్టూ పొరలో చేరిన నీరు).
- ఏ యాంటీబయాటిక్ ఎప్పుడు మొదలైందో టైమ్‌తో సహా.
- షుగర్, వృత్తి. ‘వరి పని చేస్తాడు, షుగర్ ఉంది’ అన్న ఒక్క ముక్క ఎందుకంత ముఖ్యమో తొమ్మిదో భాగంలో చెప్తాను.

శాంపిల్ యాంటీబయాటిక్‌కు ముందే తీయాలి. నెమ్ము తెచ్చే న్యుమోకోకస్ లాంటి బ్యాక్టీరియాలు ఒక్క డోసుకే ప్లేట్ మీద పెరగడం మానేస్తాయి. అలాగని ఆయాసంతో ఉన్న మనిషికి గళ్ళ రావడం లేదని మందు ఆపి కూర్చోవద్దు. తీవ్రమైన రోగికి వెంటనే బ్లడ్ కల్చర్ తీసి ఇంజక్షన్ మొదలుపెట్టాలి. గళ్ళ ఎప్పుడొస్తే అప్పుడు పంపి, ఎన్ని డోసులు పడ్డాయో రాయండి. ప్రాణం కన్నా రిపోర్ట్ ముఖ్యం కాదు.

3. గళ్ళ తీయించడం

డబ్బీ చేతిలో పెట్టి ‘గళ్ళ పట్టివ్వండి’ అని వెళ్ళిపోతే వచ్చేది ఎంగిలే. సిస్టర్ గానీ, టెక్నీషియన్ గానీ పక్కన నిలబడాలి. అంటే ముందుకు కాదు, పక్కగా, మాస్కు పెట్టుకుని. గాలి ఆడే చోట, వీలైతే వరండాలో తీయించాలి.

1. పొద్దున నిద్ర లేచిన వెంటనే తీయించడం మేలు. రాత్రంతా చేరిన గళ్ళ అప్పుడు బాగా వస్తుంది. కట్టుడుపళ్ళు ఉంటే తీయించండి.
2. మామూలు నీళ్ళతో రెండు మూడుసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి. మౌత్‌వాష్ వాడొద్దు, అందులోని మందు శాంపిల్లో బ్యాక్టీరియాను చంపుతుంది.
3. నిటారుగా కూర్చోబెట్టి, గాలి లోపలికి పీల్చి కాసేపు ఆపి వదలమనాలి. రెండు మూడుసార్లు అలా చేశాక గట్టిగా దగ్గించాలి.
4. వచ్చింది నేరుగా డబ్బీలోకి. ముక్కు చీది కలపకూడదు.
5. 2 నుంచి 5 మి.లీ. చాలు. మూత బిగించి, బయట అంటితే తుడిచి, చేతులు కడుక్కోవాలి.

పెద్దవాళ్ళకు మాటల్లో ఇలా చెప్తే బాగా అర్థమవుతుంది: “తాతా, నోట్లో ఊరే ఎంగిలి మాకొద్దు. గుండెల నిండా గాలి పీల్చి, లోపల్నుంచి దగ్గి, అడుగునుంచి వచ్చిన గళ్ళ ఇందులో ఉమ్మండి. కొంచెమొచ్చినా పర్లేదు.” ఈ ఒక్క నిమిషం ఓపిక పడితే మూడు రోజుల పని వృథా కాకుండా ఉంటుంది.

డబ్బీ ఎత్తి వెలుతురులో చూడండి. చిక్కగా, పసుపుగా, ఆకుపచ్చగా, తుప్పు రంగులో ఉంటే మంచిది. నీళ్ళలా పల్చగా, నురగగా ఉంటే అక్కడికక్కడే ఇంకోసారి అడగండి. రోజంతా ఒకే డబ్బీలో కూడబెట్టిన గళ్ళను కల్చర్‌కు తీసుకోవద్దు.

పొడిదగ్గు ఉండి గళ్ళ రాకపోతే 3 శాతం ఉప్పు ద్రావణంతో నెబులైజేషన్ ఇచ్చి తీయించవచ్చు. డాక్టరు చెబితేనే చేయాలి, ఆస్తమా ఉన్నవాళ్ళకు శ్వాస గొట్టాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలు గళ్ళ మింగేస్తారు. గొంతులో దూది పుల్ల తిప్పి పంపితే నెమ్ము సంగతి తెలియదు, వాళ్ళకు బ్లడ్ కల్చర్ దారి చూడాలి.

4. ల్యాబుకు చేర్చడం

గది ఉష్ణోగ్రత దగ్గర 2 గంటల్లోపు చేరాలి. పుస్తకాల్లో రాసే గది ఉష్ణోగ్రత 25 డిగ్రీల చిల్లర. రోహిణి కార్తెలో ఉదయగిరి నుంచి బస్సులో వచ్చే డబ్బీకి అది వర్తించదు. ఎండలో నోటి బ్యాక్టీరియా గంటల్లో పెరిగి న్యుమోకోకస్‌ను, నెమ్ము తెచ్చే మరో బ్యాక్టీరియా హీమోఫిలస్‌ను కనబడకుండా కప్పేస్తుంది. కాబట్టి ఆలస్యమయ్యేట్టుంటే మొదటినుంచీ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచండి. వ్యాక్సిన్ క్యారియర్ లాంటి పెట్టె చాలు. ఐసు డబ్బీకి నేరుగా తగలకూడదు, శాంపిల్ గడ్డకట్టకూడదు. చల్లగా పెట్టినా 24 గంటలు దాటనివ్వొద్దు, ఎంత త్వరగా వస్తే అంత మేలు.

చాలామంది చేసే పొరపాటు, అన్నీ కలిపి ఐసు పెట్టెలో పెట్టేయడం. బ్లడ్ కల్చర్ సీసాలు, ఊపిరితిత్తి పొర నీరు ఐసులో పెట్టకూడదు. అవి బయటే, ఎండ తగలకుండా రావాలి.

5. స్లైడ్ చూసి శాంపిల్‌ను తూకం వేయడం

ఇక్కడ కఠినంగా ఉండే ల్యాబే మంచి ల్యాబ్. డబ్బీ మూతను బయోసేఫ్టీ క్యాబినెట్ (క్రిములు బయటికి రాకుండా గాలిని వడకట్టే పెట్టె) లోపలే తీయాలి, ఎందుకంటే దేంట్లో టీబీ ఉందో బయటికి తెలియదు.

గళ్ళను పెట్రీడిష్‌లో పోసి, స్టెరైల్ పుల్లతో చీములా చిక్కగా, రక్తపు చారలున్న ముక్కను ఏరండి. మీద తేలే నురగ వదిలేయండి. ఆ ముక్కతోనే స్లైడు, దాంతోనే ప్లేటు. స్లైడ్ మీద పల్చగా పూసి, గాలికి ఆరనిచ్చి, ఆ తరువాతే ఫిక్స్ (చెదరకుండా అంటుకునేలా) చేయండి.

ఆరో భాగంలో చెప్పినట్టు స్టెయిన్ చేశాక ముందుగా 10ఎక్స్ లెన్సుతో కణాలున్న చోట్ల కనీసం పది ఫీల్డులు (లెన్సులో ఒకసారి కనబడే భాగాలు) చూసి సగటు తీయండి:

- చీము కణాలు (తెల్లకణాలు) 25కు మించి, చదునైన ఎపిథీలియల్ (నోటి పొర) కణాలు 10కి తక్కువ: మంచి శాంపిల్, కల్చర్ చేయండి.
- ఎపిథీలియల్ కణాలు 10 లేక అంతకు మించి: ఎంగిలి కలిసింది. కల్చర్ ఆపి, అదే గంటలో వార్డుకు ఫోన్ చేసి ఇంకో శాంపిల్ అడగండి.
- రెండూ తక్కువ: రోగి రక్తంలో తెల్లకణాలు పడిపోయినవాడా అని ఫారం చూడండి. కీమోథెరపీలో ఉన్నవాళ్ళకు చీము కణాలు రావు, వాళ్ళ శాంపిల్ తిప్పి పంపొద్దు.

టీబీకి, లీజియోనెల్లాకు పంపిన శాంపిళ్ళకు ఈ లెక్క పెట్టకూడదు.

‘వెనక్కి పంపితే డాక్టరుగారు కోప్పడతారు’ అని టెక్నీషియన్లు భయపడుతుంటారు. ఎంగిలిని కల్చర్ చేసి క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఉందని రాసిస్తే, ఆ మనిషికి అవసరం లేని పెద్ద యాంటీబయాటిక్ ఎక్కుతుంది. దానికన్నా ఒక కోపం భరించడం మంచిది.

6. గ్రామ్ స్టెయిన్: వరస, తప్పులు

1. క్రిస్టల్ వయొలెట్ 1 నిమిషం, నీళ్ళతో కడగాలి.
2. గ్రామ్స్ అయోడిన్ 1 నిమిషం, కడగాలి.
3. అసిటోన్ రెండు మూడు సెకన్లు, ఆల్కహాల్ అయితే ఊదారంగు కారడం ఆగేదాకా. వెంటనే కడగాలి.
4. సాఫ్రనిన్ 30 సెకన్ల నుంచి 1 నిమిషం. కడిగి ఆరబెట్టాలి.

తప్పంతా మూడో మెట్టులో జరుగుతుంది. ఎక్కువసేపు కడిగితే ఊదారంగులో ఉండాల్సిన న్యుమోకోకస్ గులాబీ రంగులో కనబడి మోసం చేస్తుంది. సరిచూసుకునే దారి స్లైడ్ మీదే ఉంది: చీము కణాల న్యూక్లియస్ గులాబీ రంగులో ఉండాలి. అది ఊదాగా ఉందంటే కడిగింది చాలలేదు, లేదా పూత మందమైంది. మళ్ళీ స్లైడ్ వేయండి. రోజూ ఊదాగా కనబడాల్సిన స్టాఫిలోకోకస్, గులాబీగా కనబడాల్సిన ఈ.కొలై కలిపిన కంట్రోల్ స్లైడ్ ఒకటి పక్కన నడపండి.

ఇక 100ఎక్స్ ఆయిల్ లెన్సుతో చీము కణాల చుట్టూ, లోపలా చూడండి. ఒక కొన సాగిన ఊదారంగు జంటలు కనిపిస్తే న్యుమోకోకస్, గుత్తులు గుత్తులుగా ఉంటే స్టాఫిలోకోకస్, సన్నని చిన్న గులాబీ కడ్డీలైతే హీమోఫిలస్, చుట్టూ ఖాళీ వలయమున్న లావు గులాబీ కడ్డీలైతే క్లెబ్సియెల్లా అనుమానించాలి. ఈ సంగతి కల్చర్ కోసం ఆగకుండా అదే రోజు చెప్పాలి. డాక్టరుకు మొదటి రోజు చేతికందేది ఇదొక్కటే.

7. ప్లేట్లు వేయడం

అగార్ అనే జెల్లీ పోసిన మూడు ప్లేట్లు: బ్లడ్ అగార్, చాక్లెట్ అగార్ (వేడిచేసిన రక్తంతో చేసేది), మెకాంకీ అగార్. ఫ్రిజ్‌లోంచి ముందే తీసి గది ఉష్ణోగ్రతకు రానివ్వండి, పైన తడి ఉంటే ఆరనివ్వండి. తడి ప్లేట్ మీద గీసిన గీతలన్నీ కలిసిపోయి విడివిడి కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు) రావు.

బ్లడ్ అగార్‌కు గొర్రె రక్తమే వాడండి. బ్లడ్ బ్యాంకులో గడువు దాటిన రక్తం సంచి తెచ్చి పోసే అలవాటు చాలాచోట్ల ఉంది. అందులో దాత శరీరంలోని యాంటీబాడీలు, ఒక్కోసారి మందులు, గడ్డకట్టకుండా కలిపిన సిట్రేట్ ఉంటాయి, హీమోలిసిస్ (కాలనీ చుట్టూ రక్తకణాలు కరిగి ఏర్పడే వలయం) నమ్మకంగా కనబడదు, టెక్నీషియన్‌కు అంటువ్యాధి ముప్పు. సొంతంగా చేసుకోలేకపోతే రెడీమేడ్ ప్లేట్లు తెప్పించుకోవడమే నయం.

బ్లడ్ అగార్ మీద స్టాఫిలోకోకస్ ఆరియస్‌తో ఒక గీత గీయండి. హీమోఫిలస్ ఉంటే ఆ గీత పక్కనే చిన్న చుక్కల్లా పెరుగుతుంది.

బ్లడ్, చాక్లెట్ ప్లేట్లు 5 నుంచి 10 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో, 35 నుంచి 37 డిగ్రీల దగ్గర పెట్టాలి. సీఓటూ ఇంక్యుబేటర్ లేకపోతే క్యాండిల్ జార్ చాలు. వాసన లేని తెల్ల కొవ్వొత్తి, తడి దూది, గాలి పోని మూత ఉండాలి. అందులో వచ్చేది 3 శాతం దాకానే, అయినా న్యుమోకోకస్ పెరుగుతుంది. మెకాంకీ ప్లేట్ బయట మామూలు గాలిలోనే ఉంచాలి.

కరెంటు పోయే ఊళ్ళలో ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు చూసి రాయాల్సిందే. ఇన్వర్టర్ మీద ఉందో లేదో వేసవికి ముందే చూసుకోండి.

గళ్ళను ఆక్సిజన్ లేకుండా పెంచే అనెరోబిక్ కల్చర్‌కు వేయొద్దు, నోటి బ్యాక్టీరియాయే వస్తుంది. పొర నీటికి మాత్రం అది అవసరం.

8. మర్నాడు ప్లేట్ చదవడం

18 నుంచి 24 గంటలకు ఒకసారి, 48 గంటలకు ఇంకోసారి చూడాలి. ప్రతి కాలనీ వెంటా పడొద్దు. మొదటి రోజు స్లైడ్‌లో చీము కణాల పక్కన ఏం కనబడిందో దాన్ని వెతకండి.

న్యుమోకోకస్: చుట్టూ ఆకుపచ్చ వలయం, నడుమ గుంటపడ్డ చిన్న కాలనీలు. ఆప్టోచిన్ బిళ్ళ (ప్లేట్ మీద పెట్టే, మందు పట్టించిన కాగితపు బిళ్ళ) చుట్టూ ఏమీ పెరగని వలయం 14 మి.మీ. లేదా ఎక్కువ రావాలి (6 మి.మీ. బిళ్ళకు). అంతకన్నా తక్కువ వలయం వస్తే బైల్ సాల్యుబిలిటీ (పిత్త లవణంలో కరుగుతుందో లేదో చూసే పరీక్ష) చేసి తేల్చండి. నోట్లో మామూలుగా ఉండే విరిడాన్స్ స్ట్రెప్టోకోకస్ కూడా ఆకుపచ్చగానే ఉంటుంది, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

క్లెబ్సియెల్లా మెకాంకీ మీద గులాబీ రంగులో జిగురుగా సాగుతుంది. సూడోమోనాస్ ఆకుపచ్చ రంగు వదులుతుంది, ఆక్సిడేజ్ (ఒక ఎంజైమ్) పరీక్షలో పాజిటివ్. స్టాఫిలోకోకస్ ఆరియస్‌కు కోయాగులేజ్ (ప్లాస్మాను గడ్డకట్టించే ఎంజైమ్) పరీక్ష చేయండి.

క్యాండిడా అనే ఫంగస్, ఎంటరోకోకస్, కోయాగులేజ్ నెగటివ్ స్టాఫిలోకోకస్ గళ్ళలో కనబడితే నెమ్ముకు కారణంగా రాయకండి, అవి నోటివే. క్యాండిడా పెరిగిందని రాస్తే మర్నాడే యాంటీఫంగల్ ఎక్కుతుంది.

9. షుగర్ ఉన్న రైతు, వానాకాలం, తగ్గని నెమ్ము

పెన్నా కింద వరి పండించే మన నెల్లూరు జిల్లాలో ఈ భాగం ప్రతి ల్యాబూ గోడ మీద అంటించుకోవాలి. మట్టిలో, నిలవ నీటిలో బతికే బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే బ్యాక్టీరియా మెలియాయిడోసిస్ అనే జబ్బు తెస్తుంది. షుగర్ ఉండి బురదలో పనిచేసేవాళ్ళకు ముప్పు ఎక్కువ. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల తరువాత వచ్చే తీవ్రమైన నెమ్ములో దీన్ని గుర్తుంచుకోవాలి. ఎక్స్‌రేలో టీబీలా కనిపిస్తుంది, టీబీ మందులు వాడుతూ నెలలు పోగొట్టుకున్నవాళ్ళు ఉంటారు.

ల్యాబులో ఇది ‘సూడోమోనాస్ జాతి’ అన్న ముద్రతో, లేదంటే కలుషితం అన్న పేరుతో చెత్తబుట్టలోకి పోతుంది. పట్టుకునే దారి ఇది:

- రెండు కొసలా రంగు పట్టి నడుమ ఖాళీగా, పిన్నీసులా కనిపించే గులాబీ కడ్డీలు
- మొదటి రోజు చిన్న కాలనీలు, రెండు మూడు రోజులకు పొడిగా, ముడతలు పడి
- ఆక్సిడేజ్ పాజిటివ్
- జెంటామైసిన్, కోలిస్టిన్ బిళ్ళల చుట్టూ వలయం ఉండదు, అమాక్సిసిలిన్-క్లావ్యులనేట్ చుట్టూ ఉంటుంది

ఈ నాలుగూ కలిస్తే ప్లేట్‌ను టేపుతో మూసేయండి. మూత తీసి వాసన చూడొద్దు, పనంతా బయోసేఫ్టీ క్యాబినెట్లోనే. ఆటోమేటిక్ మెషిన్లు కూడా దీనికి వేరే పేరు చెబుతుంటాయి, కాబట్టి మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీకి ఫోన్ చేసి నిర్ధారణకు పంపండి. డాక్టరుకు అదే రోజు చెప్పాలి. దీనికి సెఫ్టాజిడైమ్ గానీ మెరోపెనెమ్ గానీ వారాలపాటు, తరువాత కోట్రైమాక్సజోల్ మాత్రలు నెలలపాటు వాడాలి. మామూలు నెమ్ముకు ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్‌ను నమ్ముకుంటే మనిషి దక్కకపోవచ్చు.

10. గొట్టంలోంచి, బ్రాంకోస్కోపీలో తీసినవి

వీటికి కాలనీల లెక్క కావాలి. 1 మైక్రోలీటర్ లూప్‌తో (కొలత ప్రకారం శాంపిల్ తీసే తీగ చుట్ట) వేస్తే ఒక్కో కాలనీ మి.లీ.కి 1,000తో సమానం, 10 మైక్రోలీటర్ లూప్‌తో అయితే 100. బ్రాంకోస్కోపీ కడుగు నీటిలో (బాల్) 10,000, గొట్టం శాంపిల్లో 1,00,000 దాటితే వ్యాధిగా తీసుకుంటారు. మందులు నడుస్తుంటే అంతకన్నా తక్కువొచ్చినా డాక్టరుతో మాట్లాడండి.

బాల్ తీసేటప్పుడు మొదట వచ్చిన భాగాన్ని కల్చర్‌కు పంపొద్దు. మత్తుకు వాడే లిగ్నోకెయిన్ కూడా బ్యాక్టీరియాను అణుస్తుంది, అవసరమైనంతే వాడమని బ్రాంకోస్కోపీ గదిలో చెప్పి ఉంచండి. వెంటిలేటర్ మీదున్న మనిషి గొట్టం కొస కోసి పంపితే తీసుకోకండి, దాని మీద ఎప్పుడూ ఏదో ఒకటి పెరుగుతుంది.

11. సెన్సిటివిటీ: ఏ మందు పనిచేస్తుందో చూడటం

పెరిగిన బ్యాక్టీరియాను ద్రావణంలో కలిపి, 0.5 మెక్‌ఫార్లాండ్ అనే కొలత మబ్బుకు (మసకదనానికి) సరిపోల్చి, 15 నిమిషాల్లో ముల్లర్ హింటన్ ప్లేట్ మీద పూయాలి. ఆ తరువాత 15 నిమిషాల్లోపు బిళ్ళలు వేసి ఇంక్యుబేటర్లో పెట్టాలి. న్యుమోకోకస్‌కు 5 శాతం గొర్రె రక్తం కలిపిన ప్లేట్ ఉండాలి, 20 నుంచి 24 గంటలు ఆగాలి.

ఊపిరితిత్తి శాంపిళ్ళలో తరచూ జరిగే తప్పులు, సరైన దారి:

- న్యుమోకోకస్‌కు పెన్సిలిన్ బిళ్ళ వేయడం. 1 మైక్రోగ్రామ్ ఆక్సాసిలిన్ బిళ్ళ వేయండి. 20 మి.మీ. లేదా ఎక్కువ వస్తే పెన్సిలిన్ పనిచేస్తుంది. తక్కువొస్తే ‘రెసిస్టెంట్’ (మందుకు లొంగదు) అని రాసేయకుండా ఎంఐసీ (పెరుగుదలను ఆపే అతి తక్కువ మందు మోతాదు) పరీక్ష చేయించాలి.
- స్టాఫిలోకోకస్ ఆరియస్‌కు 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ బిళ్ళ: 22 మి.మీ. కంటే తక్కువైతే ఎంఆర్‌ఎస్‌ఏ. వాంకోమైసిన్‌ను బిళ్ళతో తేల్చలేం, ఎంఐసీయే.
- కోలిస్టిన్ బిళ్ళ వలయం చూసి పనిచేస్తుందని రాయడం. తొమ్మిదో భాగంలో చెప్పినట్టు గుర్తుపట్టడానికి తప్ప దాన్ని రిపోర్ట్‌లోకి ఎక్కించకూడదు.
- డాప్టోమైసిన్ రాయడం. ఊపిరితిత్తుల్లోని సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పదార్థం ఆ మందును పనిచేయనివ్వదు, ప్లేట్ మీద ఎంత పెద్ద వలయం వచ్చినా సరే.
- నైట్రోఫ్యురాంటోయిన్ రాయడం. అది మూత్ర ఇన్ఫెక్షన్ మందు.

12. రిపోర్ట్ రాయడం, ఫోన్ చేయడం

రిపోర్ట్ కింది వరసలో ఉంటే డాక్టరు ఒక్క చూపులో నిర్ణయం తీసుకోగలరు:

- శాంపిల్ రకం, తీసిన టైమ్, చేరిన టైమ్, అప్పటికే నడుస్తున్న యాంటీబయాటిక్
- స్లైడ్‌లో చీము కణాలు, ఎపిథీలియల్ కణాలు, కనబడ్డ బ్యాక్టీరియా
- ఏది, ఎంత పెరిగింది, అది స్లైడ్‌లో కనబడినదానితో సరిపోయిందా లేదా
- సెన్సిటివిటీ, మామూలు మందులు ముందు, పెద్ద మందులు తరువాత

యాంటీబయాటిక్ పడ్డాక తీసిన శాంపిల్లో ఏమీ పెరగకపోతే, ‘పెరుగుదల లేదు’ పక్కనే ‘మందు మొదలైన తరువాత తీసిన శాంపిల్’ అని తప్పక చేర్చండి. ఆ నాలుగు మాటలు లేకపోతే నెమ్ము లేదని చదివేవాళ్ళున్నారు.

కాగితం రేపు వెళ్ళినా పర్లేదు, ఫోన్ మాత్రం ఇవాళే వెళ్ళాల్సినవి మూడు: పొర నీటిలో ఏ బ్యాక్టీరియా కనబడినా, బ్లడ్ కల్చర్ పాజిటివ్ వచ్చినా, మెలియాయిడోసిస్ అనుమానం ఉన్నా. ఎవరితో, ఎన్నింటికి మాట్లాడారో రిజిస్టర్లో రాసి, విన్నవాళ్ళ చేత తిరిగి చదివించుకోండి.

ప్లేట్లు, డబ్బీలు ల్యాబు దాటకముందే ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరి యంత్రం) 121 డిగ్రీల దగ్గర క్రిములను చంపి, తరువాతే పసుపు సంచిలో వేయాలి. పెరిగిన బ్యాక్టీరియాను ఫైనల్ రిపోర్ట్ వెళ్ళాక కూడా కనీసం వారం ఉంచండి. రోగికి మందు పనిచేయడం లేదని డాక్టరు ఫోన్ చేస్తే, మళ్ళీ ఎంఐసీ పెట్టడానికి అది చేతిలో ఉండాలి.